మా ఎజె పొయ్యి

నవంబర్ రాగానే మా గేటు ముందు లారీ వాడు బొగ్గు గుట్టగా పోసి పోతాడు. దాన్ని బకెట్లతో షెడ్డులోకి చేరవేయడం అద్దెకున్న నా వంతు. గోళ్ల సందుల్లో నలుపు రెండు రోజులదాకా వదలదు. ఓసారి వార్డులో గ్లవ్స్ విప్పితే మా మేడమ్ నా చేతుల వంక అదోలా చూసింది. డాక్టర్ చదువుకని కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్ వచ్చి నాలుగో చలికాలం ఇది.

ఇంటావిడని ఎజె అంటాను. కిర్గిజ్‌లో అక్క అని. సాయంత్రం ఐదింటికి పొయ్యిలో పుల్లలు, కాగితం పెట్టి, అంటుకున్నాక బొగ్గు వేస్తుంది. మొదటి పది నిమిషాలు గొట్టంలోంచి పసుప్పచ్చటి పొగ చిక్కగా వస్తుంది, అగ్గిపుల్ల గీసిన వాసనతో. వీధి వీధంతా అదే టైముకి వెలిగిస్తుంది. సోవియట్ యూనియన్ పోయాక పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఊరి చుట్టూ కట్టుకున్న ఇలాంటి కాలనీలను నోవోస్ట్రోయ్‌కాలంటారు. నడిబొడ్డు అపార్ట్‌మెంట్లకి 1961 నాటి థర్మల్ కేంద్రం నుంచి గొట్టాల్లో వేడి వస్తుంది (అదీ బొగ్గుతోనే అనుకోండి). మా దాకా ఆ గొట్టాలు లేవు.

ఆదివారం అలా-అర్చా కొండల్లోకి వెళ్తే నీలాకాశం, కళ్లు చెదిరే ఎండ. వెనక్కి తిరిగితే ఊరు ఉండదు, బూడిదరంగు దుప్పటి ఉంటుంది. పైన వెచ్చగాలి మూతలా కూర్చుంటే కింద చల్లగాలి పొగతో సహా అక్కడే ఉండిపోతుంది.

ఈ దేశంలో కరెంటు దాదాపు 90 శాతం నీళ్ల నుంచే పుడుతుంది. "హీటర్ పెట్టుకోవచ్చుగా ఎజె" అని మొదటి ఏడాదే తెలివిగా అడిగాను. ఆవిడ నవ్వి ఊరుకుంది. జనవరిలో వీధిలో అందరూ హీటర్లు వేసిన రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ పేలాక ఆ నవ్వు అర్థమైంది. టొక్టోగుల్ రిజర్వాయర్‌లో నీళ్లు తగ్గితే కరెంటుకి కటకట, అదీ సరిగ్గా చలికాలంలోనే.

నాకు అస్సలు మింగుడుపడనిది ట్రాలీబస్సుల (పైన తీగల నుంచి కరెంటు తీసుకుని నడిచే బస్సులు) సంగతి. 1951 నుంచి తిరిగినవాటిని 2024లో తీసేశారు. బదులు బ్యాటరీ బస్సులట. సరే, అవీ మంచివే, కానీ పొగ రాని బళ్లని ఈ ఊళ్లోంచి పంపించేయడమేంటో!

ఎజెకి దగ్గు తగ్గట్లేదని మాస్కులు కొనిచ్చాను. నిన్న బూడిద ఎత్తుతూ ఒకటి పెట్టుకుంది. ఎత్తిన బూడిదని తీసుకెళ్లి, నేను జారిపడకుండా గేటు ముందు మంచు మీద చల్లింది.