కొళత్తూరు మిద్దెల మీద మీసాల చేపలు

చెన్నై సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌లో లోకల్ రైలెక్కితే పెరంబూరు దాటాక విల్లివాక్కం వస్తుంది. అక్కడ దిగి ఆటో మాట్లాడుకుంటే కాసేపట్లో కొళత్తూరు. మా నెల్లూరు నుంచి చెన్నై వెళ్ళేవాళ్ళు ఆస్పత్రి పని మీదో, టీ నగర్‌లో పెళ్ళి బట్టలకో వెళ్తారు. అక్వేరియం పిచ్చి పట్టినవాళ్ళు కొళత్తూరు వెళ్తారు. రంగు చేపల వ్యాపారానికి దేశంలో పేరున్న చోట్లలో అదొకటి. వీధి పొడుగునా కొట్లు, కొట్ల వెనక సందులు, ఆ సందుల్లో ఇళ్ళ మిద్దెల మీద సిమెంటు తొట్లు.

నాకు కావలసింది బ్రాంజ్ కోరీలు, బ్రిజిల్‌నోజ్ ప్లెకోలు. రెండూ దక్షిణ అమెరికా మీసాల చేపలు. ఇంట్లో గుడ్లు పెట్టించాలని కోరిక. అందుకు మగా ఆడా తెలిసి కొనాలి. గుప్పీల్లో, ఫైటర్లలో మగదేదో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. రంగులన్నీ దానివే, తోక పొడుగూ దానిదే. మీసాల చేపల దగ్గరికొచ్చేసరికి కొట్టువాళ్ళు కూడా నీళ్ళు నములుతారు. ‘జత ఇవ్వండి’ అంటే ఒక పెద్దదీ ఒక చిన్నదీ వలలో పట్టి కవర్లో వేసేస్తారు.

మెయిన్ రోడ్డు మీద కొట్లన్నీ తిరగడానికి రోజంతా చాలదు. బేసిన్లలో చేపల మేతకని ట్యూబిఫెక్స్ పురుగులు ఎర్రగా ముద్దలు కట్టి కదులుతుంటాయి. పక్కనే ఆక్సిజన్ సిలిండరు, రబ్బరు బ్యాండ్ల డబ్బా. ఒకచోట ‘షార్క్’ అని రాసిపెట్టిన తొట్టి ముందు ఒకాయన జత కోసం బేరమాడుతున్నాడు. ఆ వెండి రంగు పిల్లలు షార్కులు కావు, పంగాసియస్. మన కైకలూరు, భీమవరం వైపు చెరువుల్లో పెంచి లారీలకెత్తే చేపే. అదీ మీసాల చేపల్లోదే. మీటరు దాటి పెరుగుతుంది. హేచరీల్లోనే దానికి హార్మోన్ ఇంజక్షన్ ఇచ్చి గుడ్లు తీస్తారు. రెండడుగుల అద్దాల తొట్టికి దాని జతతో ఏం పని? చెబుదామని నోటిదాకా వచ్చింది గానీ, కొట్టాయన నా వైపే చూస్తున్నాడు. ముందుకు కదిలాను.

సక్కర్ ఫిష్ కథా అంతే. మనవైపు రైతులు దెయ్యం చేప అంటారు. తొట్టిలో నాచు తింటుందని కొంటారు, అడుగు దాటి పెరిగాక తీసుకెళ్ళి చెరువులో వదిలేస్తారు. ఇప్పుడు చెన్నై చుట్టుపక్కల చెరువుల్లోనూ ఉంది, మన కృష్ణా నీళ్ళలోనూ ఉంది. గట్టులో బొరియ తవ్వి అందులో గుడ్లు పెట్టే రకం కాబట్టి అద్దాల తొట్టిలో సంసారం చెయ్యదు. పైకి చూసి మగో ఆడో చెప్పడం దాదాపు కుదరదు. చెప్పగలమన్నవాళ్ళను నేను నమ్మను.

ఒక కుర్రాడు దారి చూపిస్తే లోపలి సందులో ఒక మిద్దె ఎక్కాను. అక్కడ చేపలు పెంచే ఆవిడ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. తాతల కాలంలో మన జిల్లా నుంచే వచ్చేశారట. సగం అరవం కలిసిన తెలుగు ఆవిడది. నేను నెల్లూరని చెప్పగానే మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది. కోరీలు చూపించమంటే ఒక సిమెంటు తొట్టి మీద కప్పిన వల తీసింది. అద్దం లేదు, లైటు లేదు. మోకాళ్ళ మీద కూర్చుని వంగి చూడాలి.

“అక్కా, పక్కనుంచి చూడ్డానికి గాజు తొట్టి లేదా?”

“ఎందుకు తమ్ముడూ? పక్కనుంచి చూస్తే అన్నీ ఒకటే మాదిరి ఉంటాయి. పైనుంచి చూడు.”

చూశాను. నీళ్ళు కదలడం ఆగేసరికి తేడా దానంతటదే కనిపించింది. కొన్ని చేపలు తల నుంచి తోక దాకా సన్నగా ఉన్నాయి. కొన్నిటికి ముందు రెక్కల వెనక నడుము రెండు వైపులా ఉబ్బి, తోక దగ్గర ఒక్కసారిగా సన్నబడింది. ఉబ్బినవి ఆడవి. పొడుగులో కూడా ఆడవే పెద్దవి. కొట్లో అద్దం ముందు నిలబడితే ఈ వెడల్పు మనకు ఎదురుగా రాదు. వీపు రెక్కా, కళ్ళూ, రంగూ చూసి తికమకపడతాం. కోరీని పైనుంచే చూడాలన్నది అప్పుడు బాగా అర్థమైంది. అయితే అక్క ఇంకో మాట కూడా అంది. మేత పెట్టాక పొట్టలు చూడకూడదు. ట్యూబిఫెక్స్ మేసిన మగది కూడా కాసేపు చూలాలిలా కనిపిస్తుంది. పొద్దున్నే, మేతకు ముందు చూడాలి. పిల్లల్లో అసలు చూడొద్దు, తెలియదు.

పక్క తొట్టిలో మచ్చల కోరీలు, పెప్పర్డ్ అంటారు. బీగిల్ ఓడ ప్రయాణంలో డార్విన్ పట్టుకెళ్ళిన చేపల్లో ఇదీ ఉంది. 1842లో దానికి శాస్త్రీయంగా పేరు పెట్టారు. వీటిలో మాత్రం పక్కచూపు కొంత పనికొస్తుంది. మగదాని వీపు రెక్క పొడుగ్గా, మొనదేలి ఉంటుంది. అయినా అక్క వీటినీ పైనుంచే ఏరుతుంది. అలవాటు.

గుడ్లు పెట్టేటప్పుడు మగది అడ్డంగా నిలబడితే ఆడది దాని పొట్టకు నోరు ఆనిస్తుంది. పైనుంచి ఇంగ్లీషు టీ అక్షరంలా కనిపిస్తాయి. తర్వాత ఆడది పొట్ట కింది రెక్కలు దోసిలి పట్టి, అందులోకి కొన్ని గుడ్లు వదిలి, తీసుకెళ్ళి తొట్టి గోడకు అతికిస్తుంది. అక్క ఇదంతా ఎన్నోసార్లు చూసింది. ఆ నోరు ఆనించడం దేనికో 1995లో జపాన్ పరిశోధకులు బ్రాంజ్ కోరీల మీదే తేల్చారు. ఆడది మగదాని వీర్యాన్ని నోటితో తాగుతుంది. అది పేగుల గుండా త్వరగా వెళ్ళి దోసిట్లో ఉన్న గుడ్ల మీద పడుతుంది. నేను ఈ సంగతి చెబితే అక్క నా ముఖం వంక చూసి, “పో తమ్ముడూ, ఊరికే చెప్పొద్దు” అని నవ్వేసింది. పేగుతో గాలి పీల్చుకోగల చేప అది, దాని పేగు ఏమైనా చెయ్యగలదు అంటే కొంచెం నమ్మినట్టు తలాడించింది.

వాయుగుండం పట్టి ముసురు కమ్మితే కోరీలు తప్పకుండా గుడ్లు పెడతాయట. మిగతా రోజుల్లో సగం నీళ్ళు తీసి చల్లటి నీళ్ళు పోస్తుంది. తొట్టి గోడకు అంటిన గుడ్లను వేలితో దొర్లించి వేరే బేసిన్లో వేసుకుంటుంది. నాలుగైదు రోజుల్లో పిల్లలు.

బ్రిజిల్‌నోజ్‌ల దగ్గర ఇంత వంగి చూసే అవసరం లేదు. మగదాని మూతి మీద, నుదుటి దాకా కొమ్మలు చీలిన మెత్తటి కండ మొలకలు లేచి ఉంటాయి. ఆడదానికి ఉండవు, ఉంటే మూతి అంచున పొట్టిగా ఒక వరస. చిక్కల్లా వయసుతోనే. రెండున్నర అంగుళాలకు అటూ ఇటూ వచ్చేదాకా మగదానికీ మొలకలు సరిగా రావు. కొట్లలో అమ్మేది అంతకంటే చిన్నవే. ‘మూతి నున్నగా ఉంది, ఆడది’ అని కొన్నవాళ్ళకు ఆర్నెల్ల తర్వాత మొలకలొచ్చిన మగవే మిగులుతాయి. అవి ఒకే గుహ కోసం కొట్టుకుంటాయి.

ఆ గుహ అంటే ఇక్కడ పీవీసీ పైపు ముక్క. అక్క ఒక ముక్కను నీళ్ళలోనే కాస్త వంచి చూపించింది. లోపల నారింజ రంగు గుడ్ల ముద్ద, దాని ముందు మగది రెక్కలతో విసురుతూ కూర్చుంది. ఆడది పెట్టేసి వెళ్ళిపోయింది, కాపలా అంతా తండ్రిదే. ఆ మొలకలెందుకు అన్నదానికి 1999లో అమెరికా పరిశోధకులు సబాజ్, ఆర్మ్‌బ్రస్టర్, పేజ్ ఒక ఊహ చెప్పారు. ఈ జాతుల్లో అప్పటికే పిల్లల్ని కాస్తున్న మగదాన్నే ఆడవి కోరుకుంటాయి. మూతి మీద కదిలే మొలకలు దూరం నుంచి పిల్లల్లా కనబడి, ఖాళీ గుహ వాణ్ణి కూడా సంసారిగా చూపిస్తాయి. నిరూపణ అయిన మాట కాదు గానీ, ఆ పైపులోకి తొంగి చూశాక నాకైతే నచ్చింది.

జత అడగడం మానేశాను. కోరీల్లో సన్నవి నాలుగు, వెడల్పువి రెండు తీసుకున్నాను. ఒక ఆడదానికి ఇద్దరు మగవాళ్ళుంటే గుడ్లు వృథా పోవని అక్క లెక్క, హాబీ వాళ్ళ లెక్కా అదే. బ్రిజిల్‌నోజ్‌లో మొలకలున్నది ఒకటి, అంతే సైజులో మూతి నున్నగా ఉన్నవి రెండు. ఒకే సైజు ముఖ్యం. అప్పుడే నున్నటి మూతికి అర్థం ఉంటుంది. కోరీల రెక్క ముళ్ళు కవరు చీల్చేస్తాయని రెండేసి కవర్లు వేసి, ఆక్సిజన్ నింపి, థర్మాకోల్ పెట్టెలో సర్దింది. డబ్బుల దగ్గర మాత్రం ఊరి పేరు చెప్పినా పైసా తగ్గలేదు.

తిరుగు రైల్లో పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాను. సూళ్ళూరుపేట దాటాక ఎదురు సీటాయన ఏముందని అడిగాడు. ఆయన ఒకప్పుడు మార్పు చేపల హేచరీలో పనిచేశాడట. మార్పు కూడా మీసాల చేపే. కోరీని పైనుంచి చూడాలని చెబితే, “మేం వెల్లకిలా తిప్పి చూసేవాళ్ళం సార్” అన్నాడు. ఆసనం వెనక మగదానికి మొనదేలిన చిన్న బుడిపె ఉంటుంది, ఆడదానికి అది గుండ్రంగా ఉంటుంది. ఆడదానికి ఇంజక్షన్ ఇచ్చి, మర్నాడు పొట్ట నొక్కితే గుడ్లు వచ్చేస్తాయి.

“మగదాన్ని కూడా నొక్కుతారా?” అన్నాను.

“నొక్కితే రాదు సార్. కోసి వృషణాలు తీసి, సెలైన్‌లో నలిపి గుడ్లకు కలపాల్సిందే. అందుకే మా దగ్గర మగదేదో తప్పు చెప్పినవాడికి బాగా తిట్లు పడేవి. ఊరికే ఒక చేప పోతుంది కదా.”

గూడూరులో ఆయన దిగిపోయాడు. దిగేముందు పెట్టె మూత ఎత్తి చూపించమన్నాడు. చూసి, “ఇంతింత చేపలకా ఇన్ని డబ్బులు!” అన్నాడు.