మన్రోల ఊళ్లో మన్రోని ఎరిగినవాళ్లు లేరు

స్కాట్లాండ్ ఉత్తరాన రాస్-షైర్‌లో ఎటు చూసినా మన్రోలే. కానీ మన మన్రో దొర ఎవరో తెలిసిన మనిషి మాత్రం నాకు అక్కడ ఒక్కరూ తగల్లేదు. ఇది రాయడానికి అసలు కారణం ఆ ఉక్రోషమే. దారిలో చూసిన సరస్సుల గురించీ కోటల గురించీ రాసినవాళ్లు బోలెడుమంది ఉన్నారు, వాటి జోలికి పోను.

మాది గుత్తి వైపు. మా దగ్గర మన్రో అంటే ఒకే ఒక్క మనిషి, సర్ థామస్ మన్రో. 1800లో నిజాం ఈ సీమను కుంఫిణీకి, అంటే ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాక 1807 దాకా ఇక్కడ కలెక్టరు. తర్వాత మద్రాసు గవర్నరై, పదవిలో ఉండగానే మళ్లీ మన జిల్లాలు చూడ్డానికొచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. మొదట గుత్తిలోనే పూడ్చిపెట్టి, తర్వాత మద్రాసు కోటలోని చర్చికి తీసుకుపోయారు. తిరుమలలో ఆయన పేరున గంగాళం ఉంది. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు కనబడి మాట్లాడాడంటారు. గండి దగ్గర రెండు కొండల మధ్య బంగారు తోరణం చూశాడనీ, అది కనబడితే ఇక ఎక్కువ రోజులు బతకరనీ మా అవ్వ చెప్పేది. సీమలో ఒకప్పుడు పిల్లలకు మన్రోలప్ప, మన్రోలమ్మ అని పేర్లు పెట్టుకున్నారు. అదొక ఇంటిపేరనీ, అదే ఇంటిపేరుతో ప్రపంచంలో ఇంకా మనుషులుంటారనీ చిన్నప్పుడు తోచనే లేదు.

గ్లాస్గోలో అమ్మాయి దగ్గరికి పోయినప్పుడు అల్లుడే మొదట కుదిపాడు. ఒక శుక్రవారం రాత్రి బూట్లు తుడుచుకుంటూ, "మామా, రేపు ఆఫీసువాళ్లతో ఒక మన్రో ఎక్కుతున్నా" అన్నాడు. మన్రోని ఎక్కడమేంది నాయనా అన్నాను. విషయం ఏమంటే, సర్ హ్యూ మన్రో అనే ఇంకొకాయన 1891లో స్కాట్లాండ్‌లో మూడు వేల అడుగులు దాటిన కొండలన్నిటికీ పట్టిక వేశాడు. అప్పట్నుంచి అంత ఎత్తున్న ప్రతి కొండా ఒక మన్రో. ఇప్పటి లెక్కకు 282. జనం జీవితమంతా వాటికి టిక్కులు పెట్టుకుంటూ తిరుగుతారు. పట్టిక వేసిన పెద్దమనిషి మాత్రం తన పట్టికను పూర్తి చేయకుండానే 1919లో పోయాడు. స్కై దీవిలోని ఒక నిటారు రాతి మొన ఆయనకు లొంగలేదు.

కొండలెక్కే వయసు నాది కాదు. ఆ పేరు పుట్టిన చోటేదో చూపించమన్నాను.

ఇన్వర్‌నెస్ దాకా ప్రయాణం గురించి చెప్పేదేమీ లేదు, నిద్రపోయాను. అక్కడ రైలు మారే సందులో ఒక టీ, ఎండిపోయిన ఒక శాండ్‌విచ్ కొంటే తొమ్మిది పౌండ్లు గుంజారు. వెయ్యి రూపాయల పైమాటే. లోపల ఉన్నది ఒక పలచటి గుడ్డు ముక్క, ఆకు. అమ్మాయి కట్టిచ్చిన పులిహోర సంచిలో ఉండగా ఇది కొన్నందుకు అల్లుడి మీద అలిగి డింగ్‌వాల్ దాకా మాట్లాడలేదు.

డింగ్‌వాల్ దాటాక రైలు క్రోమర్టీ సముద్రపాయను ఆనుకుని పోతుంది. కుడివైపు నీళ్లలో చమురు తవ్వే రిగ్గులు ఇనుప కాళ్ల మీద బారుగా నిలబడి ఉన్నాయి, పని లేక ఒడ్డుకు తెచ్చి కట్టేసినవి. ఎడమవైపు బార్లీ చేలు, పశువులు, వాటి వెనక కొండలు. ఈ ఒడ్డే మన్రోల సొంత గడ్డ. వాళ్ల మూలపురుషుడు ఐర్లండ్‌లో రో అనే నది దగ్గర్నుంచి వచ్చాడని, ఆ నది పేరే ఇంటిపేరైందని వాళ్లు చెప్పుకునే కథ. రాజు కోసం యుద్ధం చేస్తే డొనాల్డ్ అనే ఆయనకు ఈ నేల ఇనాముగా వచ్చిందట, అందుకని దీనికి డొనాల్డ్ భూమి అనే పేరు. అదంతా పురాణం. కాగితాల్లో వీళ్లు గట్టిగా కనబడేది 14వ శతాబ్దం నుంచి. పెద్దల ఇల్లు ఫౌల్స్ కోట. కోట అంటారు గానీ, తగలబడ్డాక 18వ శతాబ్దంలో మళ్లీ కట్టిన పెద్ద బంగళా. ఆ కుటుంబం ఇప్పటికీ అందులో ఉంటుంది. ఆ భూమికి కౌలు ఏమిటో తెలుసా? రాజు అడిగితే నడివేసవిలో ఒక మంచుముద్ద తెచ్చివ్వాలి. వెనకనే బెన్ వివిస్ కొండ ఉంది కాబట్టి సరిపోయింది. మన రైతుల శిస్తు కూడా అలా ఉండుంటే ఎంత బావుండేదో.

ఆల్నెస్‌లో దిగాం. మేము చూడాల్సిన కొండ అక్కడికి నడిచేంత దగ్గర లేదు. ట్యాక్సీ పిలిచాం. వచ్చిన డ్రైవరుకు అరవై దాటి ఉంటాయి, ఎర్రటి ముఖం, చేతికి ఉన్ని తొడుగులు. ముందు అద్దం దగ్గర తగిలించిన కార్డు మీద ఇంటిపేరు చూసి నా ఒళ్లు జల్లుమంది.

"మీరు మన్రోనా!"

"అవును. ఏం?"

"సర్ థామస్ మన్రో తెలుసా మీకు?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "ఆ పేరుతో ముగ్గురు తెలుసు. ప్లంబరు గురించా, రిగ్గుల్లో పనిచేసే ఆయన గురించా?"

అల్లుడు కిటికీ వైపు తిరిగి నవ్వుకుంటున్నాడు. నేను పట్టు వదల్లేదు. మద్రాసు గవర్నరు, రైత్వారీ, చెన్నపట్నంలో రికాబులు లేని గుర్రం మీద విగ్రహం, అన్నీ ఏకరువు పెట్టాను. ఆయన మర్యాదగా తల ఊపాడు. ఇండియాకు పోయిన మన్రోలు చాలామంది ఉన్నారన్నాడు. కేరళ కొల్లం దగ్గర మన్రో దీవి ఉంది కదా, అది తిరువాన్కూరు రెసిడెంటుగా పనిచేసిన జాన్ మన్రో పేరు మీద వచ్చిందే, ఆ మాట నేనే చెప్పాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఆయన తన సంగతి మొదలుపెట్టాడు. నాకు ఈ ప్రయాణంలో మిగిలింది ఆ పావుగంటే. ఒకే ఇంటిపేరున్నంత మాత్రాన వీళ్లంతా ఒకే రక్తం కాదట. పాతకాలంలో కొండ ప్రాంతాల మామూలు జనానికి స్థిరమైన ఇంటిపేర్లే లేవు. ఫలానావాడి కొడుకు ఫలానావాడు, అంతే. భూస్వాముల లెక్కలూ చర్చి లెక్కలూ వచ్చాక ఎవరి భూమిలో బతుకుతున్నారో ఆ దొర పేరే పెట్టేసుకున్నారు. "మా వాళ్లు ఫౌల్స్ వంశమని మా నాన్న చెప్పేవాడు. నా అనుమానం, ఫౌల్స్ గొర్రెలు కాసిన వంశం" అన్నాడు. బడిలో ఒక్క తరగతిలోనే బోలెడుమంది మన్రోలుంటే తలా ఒక ఎగతాళి పేరు ఉండేదట. ఈయన తాతను 'బకెట్' అనేవారట. ఎందుకో ఇంట్లో ఎవరికీ తెలియదు. మా ఊళ్లో రెడ్లను గేటు రెడ్డి, గుడ్డి బావి రెడ్డి అని పిలిచినట్టే అనుకున్నాను.

మన థామస్ ఏం చేశాడని అప్పుడు ఆయనే అడిగాడు. జమీందారును మధ్యలో లేకుండా తీసేసి ప్రతి రైతు పేరునా పట్టా రాయించాడని చెప్పాను. శిస్తు ఎక్కువైందని, నాలుగో వంతు తగ్గించాలని 1807లో పైవాళ్లకు రాశాడని, వాళ్లు వినలేదని, తానే గవర్నరయ్యాక తగ్గించాడని కూడా చెప్పాను. అది దానం కాదులే. పాలెగాళ్లను అణిచింది ఆయనే, వసూలు చేసింది కుంఫిణీ ఖజానాకే. అయినా మా తాతలు ఆ తగ్గింపును మరిచిపోలేదు.

"రైతుకు భూమి రాసిచ్చిన మన్రోనా?" అని ఆయన బండి వేగం తగ్గించాడు. "ఇక్కడ తలకిందులు. మా వాళ్లను తీసేసి గొర్రెలను పెట్టారు." 1792లో ఈ చుట్టుపక్కల జనమంతా ఏకమై గొర్రెల మందలను జిల్లా నుంచే తరిమేయాలని బయలుదేరారు. సైన్యం వచ్చి ఆపింది. ఆ ఏడాదిని ఇప్పటికీ గొర్రెల ఏడాది అంటారు. ఆ తర్వాతి రెండు మూడు తరాల్లో పడవలెక్కినవాళ్లు లెక్కలేదు. ఈయన చుట్టాలే ఒంటారియోలో, న్యూజీలాండ్ డునీడిన్‌లో ఇక్కడికన్నా ఎక్కువట. పండగకు కార్డులు పంపుకుంటారట, ముఖాలు ఎరగరట.

కొండ కింద దింపి, మీటరు ఎంత చూపిందో అంతా తీసుకున్నాడు. మళ్లీ రమ్మని చెప్పి పంపించాం.

ఆ కొండ పేరు ఫైరిష్. ఎత్తు 453 మీటర్లు, అంటే మన్రో అనిపించుకోడానికి సగం కూడా చాలదు. దేవదారు చెట్ల మధ్య రాళ్ల దారి, పైకి పోయేకొద్దీ నిటారు. మధ్యలో మిడ్జ్ అనే పురుగులు కమ్ముకున్నాయి. మన నల్లిలో పదో వంతు ఉండదు, చెవుల్లో దూరి కుడుతుంది. అల్లుడు నన్ను అక్కడక్కడా కూర్చోబెట్టి, "ఇంకో పది నిమిషాలే మామా" అని గంటసేపు అబద్ధాలాడాడు.

పైన చెట్లు అయిపోయి బోడిగుట్ట మీద నిలబడ్డది చూసి ఆయాసం మరిచిపోయాను. తమిళనాడు నాగపట్నం కోట వాకిలికి నకలు! నల్లటి మొరటు రాళ్లతో కమానులు, రెండు కొసలా బురుజుల్లాంటి దిమ్మెలు, దాని వెనక ఆకాశం తప్ప ఏమీ లేదు. కట్టించింది నోవార్ భూస్వామి సర్ హెక్టర్ మన్రో. 1764లో బక్సర్‌లో గెలిచినాయన. 1780లో పొల్లిలూరు దగ్గర హైదర్, టిప్పు కలిసి బెయిలీ అనే కుంఫిణీ సేనాని సైన్యాన్ని చుట్టేస్తే, పక్కనే కంచిలో ఉండీ సమయానికి అందలేక, ఫిరంగులను గుడి కోనేట్లో పడేసి మద్రాసుకు వెనక్కి నడిచింది కూడా ఈయనే. ఆ తిరుగుదారిలో నడిచిన కుర్ర సిపాయిల్లో అప్పుడే ఓడ దిగిన మన థామస్ ఉన్నాడు. మరుసటి ఏడాది హెక్టర్ డచ్చివాళ్ల దగ్గర్నుంచి నాగపట్నం గెలిచి పరువు దక్కించుకున్నాడు. దాని గుర్తుగానే ఇక్కడ 1782లో ఈ కట్టడం.

ఎందుకు కట్టించాడన్నది నాకు ఇంకా నచ్చింది. ఊళ్లో జనానికి పని లేదు, ఊరికే ఇస్తే సోమరులైపోతారని దొరగారి భయం. అందుకని ఎవరికీ అక్కరకు రాని ఒక వాకిలి కొండ మీద కట్టించాడు. అచ్చం కరువు పని. పని ఎక్కువ రోజులు రావాలని హెక్టరే రాత్రిళ్లు రాళ్లను కిందికి దొర్లించేవాడని, పొద్దున కూలీలు వాటినే మళ్లీ మోసేవారని ఇక్కడ చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, కరువు పని చేసిన మా నాయన వింటే కూలీలే దొర్లించి ఉంటారనేవాడు.

కమాను లోపల గాలికి చాటుగా కూర్చుని పులిహోర తిన్నాం. చింతపండు, ఇంగువ వాసనకు అటు పోయే ఒక కుక్క వచ్చి నిలబడింది. దాని యజమానురాలు క్షమించమని లాక్కుపోయింది. ఆమెనూ అడిగాను థామస్ మన్రో గురించి. కొండల పట్టిక వేసినాయనేగా అంది.

దిగాక ట్యాక్సీ ఆయన ఎవంటన్ ఊరి బయట నీటి అంచున కిల్టర్న్ పాత చర్చికి తీసుకుపోయాడు. కప్పు లేదు, గోడలున్నాయి. మన్రో పెద్దలను పూడ్చిపెట్టింది ఇక్కడే. చుట్టూ ఉన్న మామూలు సమాధుల మీద కూడా అదే పేరు, నాచు గీకితే మళ్లీ అదే పేరు. మన దొర ఇక్కడివాడు కాడు. గ్లాస్గోలో పుట్టాడు, తండ్రి అమెరికా పొగాకు వ్యాపారి, అక్కడి స్వాతంత్ర్య యుద్ధంతో దివాలా తీశాడు. లేకపోతే కొడుకు మద్రాసు ఓడ ఎక్కేవాడే కాదేమో.

ఆ రాళ్ల మధ్య తిరుగుతూ అల్లుడు ఫోన్లో వెతికి చదువుతుంటే నేను నోరు తెరిచి విన్నాను. 1651లో వూస్టర్ యుద్ధంలో ఇంగ్లీషు సేనాని క్రామ్‌వెల్‌కు చిక్కిన స్కాట్ ఖైదీలను అమెరికాకు వెట్టికి పంపితే వాళ్లలో ఒక విలియం మన్రో లెక్సింగ్టన్‌లో ఇల్లు కట్టుకున్నాడు. 1775లో అదే ఊళ్లో ఇంగ్లీషు సైన్యం తుపాకులకు పడిపోయినవాళ్లలో రాబర్ట్ మన్రో ఉన్నాడు. వర్జీనియా పోయిన ఇంకో శాఖలో అమెరికా అయిదో అధ్యక్షుడు పుట్టాడు. ఆయన పేరు మీదే ఆఫ్రికాలో లైబీరియా రాజధాని మన్రోవియా. జమైకాలో మన్రో కాలేజీ ఉంది. అక్కడి నల్లవాళ్లలో ఈ ఇంటిపేరున్నవాళ్లను చూస్తే, చెరకు తోటల్లో బానిసలకు యజమానుల పేర్లు తగిలించిన కాలం గుర్తుకు రావాల్సిందే. హాలీవుడ్ మార్లిన్ కూడా ఆ పేరు తల్లి పుట్టింటి నుంచే తెచ్చుకుంది. యుద్ధం, గొర్రెలు, బానిసత్వం, కుంఫిణీ ఉద్యోగం. ఈ సన్నటి ఒడ్డు నుంచి ఒక్క పేరు అంత దూరం పోవడానికి పట్టిన దారులివి. సంతోషంగా పోయినవాళ్లు తక్కువ.

స్టేషన్‌కు తిరిగొచ్చే దారిలో ట్యాక్సీ ఆయనకు ఉన్నట్టుండి ఉత్సాహం పుట్టింది. గుత్తి ఎక్కడుంది, విమానం దిగాక ఎంత దూరం, ఎండ ఎంత, అన్నీ అడిగాడు.

"నేను అక్కడికొచ్చి మన్రో అని చెబితే భోజనం పెడతారా?"

"పెట్టకుండా ఎట్లా ఉంటారు? కాకపోతే శిస్తు ఎంత తగ్గిస్తావని అడుగుతారు."

"నాలుగో వంతు కదా మా లెక్క" అని పెద్దగా నవ్వి, ముప్పై నాలుగు పౌండ్లు అయిందంటూ చెయ్యి చాపాడు. ఒక్క పెన్నీ తగ్గించలేదు.