క్రియాటిన్ బాగానే ఉంది, కాళ్లే ఉబ్బాయి

కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ మా ఉద్దానంలో రక్తపరీక్ష కాగితం చేతికొస్తే అందరి కళ్లూ వెతికేది ఒక్క అంకె కోసమే. క్రియాటిన్ ఎంత? అంటే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ అన్నమాట. కవిటి, సోంపేట, పలాస వైపు జీడితోటల్లో పనిచేసేవాళ్లు కూడా ఆ అంకె చూసి మనిషి పరిస్థితి చెప్పేస్తారు. నాది 0.9 వచ్చింది. అమ్మ ఊపిరి పీల్చుకుంది.

ఒళ్లు మాత్రం ఆ మాట వినలేదు. పొద్దున్న లేచేసరికి కనురెప్పలు బరువుగా ఉబ్బి ఉండేవి. సాయంత్రానికి వాపు కాళ్లలోకి దిగేది. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపటికి గానీ పూడేది కాదు. మూత్రంలో నురగ నీళ్లు పోసినా పోయేది కాదు. "ఏట్రా, మొకం అలా ఉబ్బిపోనాది?" అంది పక్కింటి పిన్ని.

శ్రీకాకుళంలో డాక్టరుగారు రక్తం సంగతి పక్కనపెట్టి మూత్రపరీక్ష రాశారు. అల్బుమిన్ అనే ప్రొటీన్ నాలుగు ప్లస్‌లు. తర్వాత 24 గంటల మూత్రం క్యాన్‌లో పట్టి ఇస్తే 8 గ్రాముల ప్రొటీన్ పోతోందని తేలింది. మామూలుగా 150 మిల్లీగ్రాములు దాటకూడదట. రక్తంలో అల్బుమిన్ 1.9కి పడిపోయింది, కొలెస్టరాల్ ఆకాశాన్నంటింది. "మీ ఊళ్ల జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, ఇలా ఒళ్లు ఉబ్బడం కూడా మొదట్లో ఉండదు. నీది నెఫ్రోటిక్ సిండ్రోమ్ బాబూ, కిడ్నీ వడపోతలోంచి ప్రొటీన్ కారిపోయే జబ్బు, మందుకి లొంగే అవకాశం ఉంది" అన్నారాయన. నొప్పి మాత్రలేమైనా వాడావా అని గుచ్చి గుచ్చి అడిగారు. కొన్ని నొప్పి మాత్రల వల్ల కూడా ఇది వస్తుందట.

కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ విశాఖలో. బోర్లా పడుకోబెట్టి, నడుము దగ్గర మత్తు ఇంజక్షన్ ఇచ్చి, ఊపిరి బిగబట్టమన్నారు. స్టేప్లర్ కొట్టినట్టు టక్‌మంది, అంతే. నొప్పి కన్నా, ఆ తర్వాత కదలకుండా వెల్లకిలా పడుకోవడమే నరకం. రిపోర్టులో మినిమల్ చేంజ్ అని వచ్చింది, నెఫ్రోటిక్ సిండ్రోమ్‌లో అదొక రకం.

రోజూ పొద్దున్న టిఫిన్ తిన్నాక 60 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. వాపుకి లాసిక్స్. ఉప్పు తగ్గించమంటే వదిన ఆవకాయ జాడీని, ఎండుచేపల డబ్బాని అటక ఎక్కించేసి పప్పులో నిమ్మకాయ పిండి పెట్టేది. స్టెరాయిడ్ ఆకలి మామూలు ఆకలి కాదు, అర్ధరాత్రి లేచి వంటింట్లో గిన్నెలు వెతికేవాణ్ణి. మొహం గుండ్రంగా తయారైంది. నిద్ర లేదు, షుగర్ వస్తుందేమోనని టెన్షన్.

రోజూ మూత్రంలో స్ట్రిప్ ముంచి చూసుకోమన్నారు. ప్రొటీన్ ఉంటే పసుపు గడి ఆకుపచ్చగా మారుతుంది. రోజూ ముదురు ఆకుపచ్చే. ఒక పొద్దున్న లేతగా కనిపించింది. మూడో వారంలో పసుపు పసుపుగానే ఉండిపోయింది! ముందు నేను నమ్మక ఇంకో స్ట్రిప్ ముంచాను. అన్నయ్య దాన్ని వెలుగులోకి తీసుకెళ్లి మరీ చూశాడు.

మాత్రలు ఒక్కసారిగా ఆపకూడదు. నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించారు. వానాకాలంలో జలుబు చేసినప్పుడు గడి మళ్లీ ఆకుపచ్చ తిరిగింది. ఈసారి కాళ్లు ఉబ్బకముందే మందు మొదలుపెట్టారు, తొందరగానే అదుపులోకి వచ్చింది. ఇప్పుడు మాత్రల్లేవు. ఎండుచేపల డబ్బా అటక దిగింది గానీ, దాని మూత వదిన చేతిలోనే ఉంది.