పాత కిమోనోల కొట్లో బైటో

చదువుకోవడానికి జపాన్ వచ్చిన మనవాళ్ళు పార్ట్‌టైమ్ అనగానే, ఇక్కడి మాటలో బైటో అనగానే, కొన్బినీల వైపే, అంటే రోజంతా తెరిచి ఉండే చిన్న దుకాణాల వైపే చూస్తారు. అనుమతి తీసుకున్నా, పెద్ద సెలవుల్లో తప్ప, వారానికి 28 గంటలకు మించి చేయకూడదు. ఆ గంటల్లోనే కాస్త పనితనం కూడా అబ్బాలనుకుంటే క్యోటోలాంటి ఊళ్ళలో పాత కిమోనోల కొట్లు మంచి చోటు.

మూట విప్పగానే కళ్ళు రంగుల మీదికి పోతాయి. చేతులు మాత్రం కుట్ల మీదికి పోవాలి. వీపు మధ్య కుట్టు కిందికి దిగి పిరుదుల దగ్గర బిగిసే చోట, చంకల కింద, కుట్టుకి అటూ ఇటూ బట్ట పట్టుకుని మెల్లగా లాగి చూడాలి. దారం తెగితే ఫరవాలేదు, మళ్ళీ కుట్టొచ్చు. పట్టు బట్టే పిగిలిందంటే అది ఇక కట్టుకోవడానికి పనికిరాదు. సంచులు కుట్టేవాళ్ళకి ముక్కల లెక్కన పోతుంది. ఇనుము కలిపి అద్దిన నలుపు, ముదురు గోధుమరంగు పాతవాటిలో ఈ జబ్బు ఎక్కువ. ఆ ఇనుమే ఏళ్ళ తరబడి పోగుని తినేస్తుంది.

తైషో కాలం (1912–26) ఆడవాళ్ళ కిమోనోల్లో ఎర్ర పట్టు లైనింగ్ తరచుగా కనిపిస్తుంది. దాన్ని మోమి అంటారు. తడి తగిలితే రంగు దిగి పై బట్టకు అంటుకుంటుంది, ఆ మరక వదలదు. అందుకే కొన్నవాళ్ళకి వానలో వేసుకోవద్దని ముందే చెప్పాలి.

ఇక కొలతలు. ఎక్కువ బేరాలు చెడేది యుకి దగ్గరే. మెడ వెనక ఎముక నుంచి భుజం మీదుగా మణికట్టు ఎముక దాకా ఉండే పొడవు అది. పాతవాటిలో 62, 63 సెంటీమీటర్లు ఉంటే ఇప్పటివాళ్ళు 66, 67 అడుగుతారు. భుజం, చేతి కుట్ల లోపల మడిచి ఉంచిన బట్టని వదిలి పెంచొచ్చు గానీ, అసలు బట్ట తాను వెడల్పే సుమారు 36 సెంటీమీటర్లు. పాత తాన్లు ఇంకా సన్నం. పైగా మడత విప్పితే పాత గీత, పక్కన వెలవని రంగు చారలా బయటపడతాయి. ఆ మాట అమ్మే ముందే చెప్పేస్తే గొడవ ఉండదు. చేతుల నిలువు, అంటే కిమోనో చెయ్యి కిందికి వేలాడే పొడవు కూడా చూడాలి: ఇప్పుడు మామూలుగా 49 సెంటీమీటర్లు, పాతవాటిలో 60 దాటినవీ ఉంటాయి. లోపల వేసుకునే జుబాన్ చేతులు దానికి సరిపోకపోతే బయటికి తొంగిచూస్తాయి, లేదా లోపల ఉండచుట్టుకుపోతాయి.

పోచంపల్లి తెలిసినవాళ్ళకి మెయిసెన్ పట్టు వెంటనే పట్టుబడుతుంది. అక్కడ నూలు కట్టి రంగేస్తారు. మెయిసెన్‌లో ఎక్కువగా కనిపించే పద్ధతిలో పడుగుని వదులుగా తాత్కాలిక పేకతో నేసి, అచ్చు వేసి, ఆ పేక తీసేస్తూ అసలు పేకతో మళ్ళీ నేస్తారు. డిజైన్ అంచులు మసకబారేది అందుకే. ఇది ప్రింటా అని అడిగితే తిరగేసి చూపిస్తే చాలు, రెండువైపులా ఒకేలా ఉంటుంది.

నగల అర ఇంకో లోకం. 1876లో కత్తి ధరించడం నిషేధించాక, కత్తి పిడుల పనివాళ్ళు చాలామంది ఒబిదొమెలు, జడపిన్నుల వైపు మళ్ళారు. నడుముకి చుట్టే పట్టీ ఒబి; దాని మీద కట్టే తాడుకి ఎక్కించే బిళ్ళే ఒబిదొమె. దీనికి మూడు బు తాడు, అంటే దాదాపు 9 మిల్లీమీటర్లది వాడతారు. కొన్నిటి వెనక కొక్కెంలో అది దూరదు, రెండు బు తాడు జతచేసి అమ్మాలి. షకుదో అనే రాగి, బంగారం మిశ్రమంలో చేసినవి నల్లగా ఉంటాయి. అది మురికి కాదు, కావాలని తెప్పించిన రంగు. పాలిష్ పెట్టారో, వస్తువు పోయినట్టే.

తాబేటి చిప్ప దువ్వెనలు ముచ్చటేసి ఇండియాకి పట్టుకెళ్దామనుకునేవాళ్ళుంటారు. ఆ తాబేలు అంతర్జాతీయ రక్షణ జాబితాలో ఉంది, అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం. అచ్చం అలాగే కనిపించే సెల్యులాయిడ్ దువ్వెనని బొటనవేలితో గట్టిగా రుద్దితే కర్పూరం వాసన వస్తుంది. కాల్చిన సూదితో పరీక్షించబోతే భగ్గుమంటుంది. వాటిని మూత బిగించిన డబ్బాలో ఒబిదొమెల పక్కన పెట్టకూడదు. పాతబడ్డ సెల్యులాయిడ్ వదిలే ఆవిరికి లోహం తుప్పు పడుతుంది.