బూడిద ఎత్తే పని

షఖరిత్‌లో, అంటే మన యూదుల ఉదయ ప్రార్థనలో, మనవాళ్లు హాయిగా దాటేసే పేజీ ఒకటుంది. ఒకప్పుడు ఆలయంలో అర్పించిన బలుల గురించి చదివే భాగం. ఆలస్యంగా వచ్చినవాళ్లు నేరుగా కీర్తనల దగ్గర అందుకుంటారు, ముందే వచ్చినవాళ్లు ఫోను చూసుకుంటూ గడగడా చదివేస్తారు. "యెరూషలేము ఆలయం క్రీ.శ. 70లోనే పోయింది, ఆ బూడిద సంగతి ఇప్పుడెందుకండీ" అని ఒకాయన నాతోనే అన్నాడు. మళ్లీ ఆయనే, రోజూ అవే మాటలు చదివి మనసు లగ్నం కావడం లేదని బాధపడతాడు. దానికి మందు ఆ పేజీలోనే ఉంది మరి.

లేవీయకాండము ఆరో అధ్యాయం. యాజకుడు నారబట్టలు కట్టుకొని ముందుగా చేసేది బలి కాదు, రాత్రంతా కాలిన బూడిద ఎత్తడం. మన పెద్దల పాత ధర్మసంకలనం మిష్నాలో, తామీద్ అనే భాగం మొదటి అధ్యాయం తెరవండి, కళ్లకు కట్టినట్టు ఉంటుంది. ఇంకా చీకటి. యాజకుడు ఒక్కడే లోపలికి వెళ్తాడు. చేతిలో దీపం ఉండదు, బలిపీఠం మీది మంటే వెలుగు. బయటివాళ్లకు మనిషి కనపడడు, అలికిడి ఉండదు. కాసేపటికి తొట్టి దగ్గర బెన్ కతీన్ చేయించిన కొయ్య చక్రం చప్పుడవుతుంది. చేతులూ కాళ్లూ కడుక్కునే వేళయిందని అప్పుడు తెలుస్తుంది. తర్వాత వెండి పార పట్టుకొని పైకెక్కి, నిప్పుల్ని అటూ ఇటూ తోసి, లోపల బాగా కాలినవి ఎత్తుకొని దిగుతాడు. అంతే పని.

ఆ పనికి పోటీ! మిష్నాలోనే యోమా అనే భాగం రెండో అధ్యాయంలో ఉంది. పీఠం ఎక్కే ఏటవాలు దారి మీద పరుగెత్తేవాళ్లు, ముందు చేరినవాడిదే పని. ఒకసారి ఇద్దరు సమానంగా వచ్చి, ఒకడు తోస్తే రెండోవాడి కాలు విరిగింది. అప్పటినుంచి పెద్దలు వేళ్లు లెక్కపెట్టి వంతు తేల్చే పద్ధతి పెట్టారు. రోజూ ఉండే బూడిదకే ఇంత ఆరాటం.

మా అమ్మ పొద్దున్నే కట్టెలపొయ్యిలో బూడిద తీస్తుంటే అడుగున ఇంకా నిప్పు కణకణలాడుతుండేది. రెండు పుల్లలు పెట్టి గొట్టంతో ఊదితే అంటుకునేది. పీఠం మీది అగ్ని ఆరిపోకూడదన్న దేవుడే, ఆ పక్క వచనాల్లో బూడిద తీయమన్నాడు. నాకైతే రెండూ ఒకే ఆజ్ఞ. తీయకపోతే మంటకు గాలాడదు. అలాగని పారేయమనలేదు, పీఠం పక్కనే పెట్టమన్నాడు.

నిన్న ఎవరితోనో వచ్చిన మాటపట్టింపు బూడిదే. నిన్న ప్రార్థన బాగా కుదిరిందన్న తృప్తి కూడా బూడిదే, అది ఇంకా మొండిది.

కొత్త రాగాలూ కొత్త పుస్తకాలూ తెచ్చుకుంటే కొన్నాళ్లు బాగానే ఉంటుంది, తర్వాత అవీ పాతబడతాయి. ఉన్న సిద్దూర్, అదే మన ప్రార్థనల పుస్తకం, చాలు. నిద్ర లేవగానే చెప్పే "మోదె అనీ" ప్రార్థన అనుకొని లేచి, చేతులు కడుక్కునేటప్పుడే నిన్నటిది ఏం పట్టుకు వేలాడుతున్నామో చూసుకోండి. ఆ బూడిద వచనాలు నోరారా, నిదానంగా పలకండి. తర్వాత వచ్చే షెమాకు, అదే "ఇశ్రాయేలూ వినుము" అనే ప్రార్థనకు, తొందరేం లేదు, అది ఎక్కడికీ పోదు.

రేపు ఓ పది నిమిషాలు ముందు రండి. మందిరం మెట్ల మీద పోటీపడి తోసుకుంటూ వచ్చినా నాకు సంతోషమే, కాళ్లు మాత్రం జాగ్రత్త.