వంట నేర్పేవాళ్లలో ఎవరి మాట వినాలి: నా అనుభవం

ఫోన్ తెరిస్తే వంట నేర్పేవాళ్లే. అందులో ఎవరి మాట వినాలో తేల్చుకోడానికి నేనో చిన్న పరీక్ష పెట్టుకున్నాను. రుచి బాగా తెలిసిన వంటకం ఒకటి తీసుకుని, దాన్ని ఎలా చెప్పారో చూస్తాను. కోనసీమలో ఉంటూ అందుకు పనసపొట్టు (సన్నగా కొట్టిన లేత పనసకాయ) ఆవపెట్టిన కూర కాక ఇంకేం తీసుకుంటాం?

చూసేది ముఖ్యంగా ఆవ ఎప్పుడు కలపమన్నారనే. పావుకిలో పొట్టుకి చెంచాడు ఆవాలు, ఒక ఎండుమిరపకాయ, చిటికెడు ఉప్పు, కాసిని నీళ్లు చిలకరించి నూరాలి. తడి తగిలి నలిగితేనే ఆవకి ఘాటు పుడుతుంది, వేడి తగిలితే పోతుంది. అందుకని పొట్టుని పసుపు, ఉప్పు వేసి ఉడికించి, నీళ్లు గట్టిగా పిండి, పోపులో చింతపండు గుజ్జుతో మగ్గనిచ్చి, దించి, గోరువెచ్చగా అయ్యాకే ఆవ కలపాలి. పొయ్యి మీద ఉండగానే ఆవ వేసేస్తున్నారా, ఆ వీడియో అక్కడితో కట్టేయొచ్చు. పిండమని చెప్పకపోయినా అనుమానించాల్సిందే, కూర పొడిపొడిగా రాక ముద్దయిపోతుంది. సంతలో కొట్టించి తెచ్చిన పొట్టు గాలికి నల్లబడుతుంది, ఇంటికి రాగానే పసుపు, కాస్త నూనె రాయమని చెప్పినవాళ్లయితే చేత్తో వండినవాళ్లే.

రెండో పరీక్ష అన్నం. 'గ్లాసుకి రెండు గ్లాసులు' అని ఊరుకుంటే సరిపోదు. మన మార్టేరు వరి పరిశోధనా స్థానం ఇచ్చిన స్వర్ణ బియ్యమే అయినా కొత్తవైతే గ్లాసున్నర నీళ్లు చాలు, ఏడాది పాతవైతే రెండు, ఒక్కోసారి రెండున్నర పడతాయి. బియ్యం కొత్తవా పాతవా అని అడగని పాఠం సగం పాఠమే. అదంతా ఎందుకనుకుంటే గంజి వార్చుకోవడం హాయి.

పాత పుస్తకాల్లో కొలతలు సోలల్లో, తవ్వల్లో ఉంటాయి. భయం లేదు: నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. పాళ్లు తప్పకుండా ఏ గిన్నెతో కొలిచినా ఒకటే.

పెద్దవాళ్ల దగ్గరికొస్తే అడిగి లాభం లేదు. 'ఎంత వేయాలండీ పిన్నిగారూ' అంటే 'సరిపడా వేయమ్మా' అంటారు. పక్కన చిన్న కాటా పెట్టుకుని, ఆవిడ చేతిలోకి తీసుకున్న ఉప్పుని, చింతపండుని గిన్నెలో వేసేలోపు తూచుకోవాలి. మంట ఎప్పుడు తగ్గించారో, అప్పుడు గిన్నెలో ఏం కనిపించిందో కూడా రాసుకోవాలి. 'పది నిమిషాలు' కన్నా 'నూనె పైకి తేలేదాకా' అన్న మాటే పనికొస్తుంది, ఎందుకంటే గిన్నె మందం, మంట ఇంటింటికీ మారతాయి.

పూతరేకులు మాత్రం వీడియో చూసి నేర్చుకునేవి కావు. బోర్లించిన కుండ కింద సెగ ఎంతుండాలో ఆత్రేయపురంలో రేకులు తీసేవాళ్ల పక్కన కూర్చుంటేనే అంతుబడుతుంది.

చేపల పులుసుకి బజారులో చేపలు కోసే ఆవిడని మించిన గురువు లేరు. ఏ చేప ముక్క చెదురుతుందో, ఎంత మందంగా కోయించుకోవాలో బేరంతోపాటే చెప్పేస్తుంది. ముక్కలు వేశాక గరిటె పెట్టకుండా గిన్నెని చెవులు పట్టుకుని తిప్పమంటుంది. అరకిలో ముక్కలకి నిమ్మకాయంత చింతపండు నానబెట్టుకుని మొదలుపెట్టొచ్చు.