నా అనుభవం: లాకుల దగ్గరి రోగ్ పాత్రను కట్టిన తీరు

ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్య 2022 వేసవిలో ఒక ఆదివారం మధ్యాహ్నం అమలాపురంలోని మా మేడ మీది గదిలో చాప పరిచి, మా నలుగురి చేతుల్లో తలా ఒక క్యారెక్టర్ షీటు పెట్టి, డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్ క్యాంపెయిన్ మొదలుపెడుతున్నామని చెప్పాడు. వదిన మాటకారి గాయని అయిన బార్డ్ కావాలన్నది, బావ మంత్రవిద్య చదివిన విజర్డ్‌ను తీసుకున్నాడు, లంక నుంచి పంటు దాటి వచ్చే తమ్ముడి వరస కుర్రవాడు కవచం తొడుక్కునే పాలడిన్‌ను ఎంచుకున్నాడు. నేను రోగ్ అన్నాను. తాళం తీయగల, జాడ పట్టగల, చీకట్లో అడుగు చప్పుడు కాకుండా నడవగల మనిషి, పనితనమే ఆయుధంగా బతికే మనిషి కావాలని నా కోరిక. ఆ కోరికను కాగితం మీద పెట్టడానికి ఒక్క మధ్యాహ్నం చాలుననుకున్నాను. తీరా చూస్తే ఆ పాత్రను రెండుసార్లు కట్టవలసి వచ్చింది. అది పూర్తిగా నా చేతికి అలవాటు కావడానికి మూడేళ్ళు పట్టింది.

ఆట తెలియనివారికి ఒక మాట చెప్పాలి. ఒకరు కథ నడుపుతారు, ఆయనే డంజన్ మాస్టర్; మిగిలినవారు తలా ఒక పాత్ర తరఫున మాట్లాడతారు. ఏదైనా పని ఫలిస్తుందో లేదో అనుమానమైనప్పుడు ఇరవై ముఖాల పాచిక వేసి, వచ్చిన అంకెకు పాత్ర తాలూకు బలాన్ని కలుపుతారు. డంజన్ మాస్టర్ అనుకున్న కష్టపు అంకెను ఆ మొత్తం అందుకుంటే పని జరిగినట్లే. ఆ అంకె మామూలు పనికి 15, కష్టమైన పనికి 20 ఉంటుంది. మేము ఆడేది 2014లో వచ్చిన అయిదవ కూర్పు. అందులో నేర్పులు మొత్తం 18. ఇంగ్లీషు పేర్లు పలుకుతుంటే కథలోంచి బయటికి వచ్చినట్లుంటుందని వదిన పట్టుబట్టడంతో వాటన్నిటికీ తెలుగు పేర్లు పెట్టుకున్నాము: నక్కి నడవడం, చేతివాటం, బుకాయింపు, నచ్చజెప్పడం, ఆనవాలు పట్టడం, ఆరా తీయడం, మనసు పసిగట్టడం, ఇంకా ఇలాంటివి.

ఈ ఆట 1974లో అమెరికాలో పుట్టింది. మరుసటి ఏడు వచ్చిన అనుబంధంలోనే దొంగ పాత్ర కనిపిస్తుంది, తాళం తీయడానికి ఇంత శాతం, అలికిడి లేకుండా కదలడానికి ఇంత శాతం అన్న పట్టికతో సహా. రోగ్ అన్న పేరుతో ఈ పాత్ర నిలబడింది 2000 నాటి మూడవ కూర్పులో. నేర్పుల మీద ధ్యాస పెట్టదలచినవారికి ఈ పాత్ర ఎందుకు అనువైనదో నాకు తరువాత అర్థమైంది. అదనుచూసి కొట్టే దెబ్బ, అంటే స్నీక్ అటాక్, దానంతట అదే పెరుగుతుంది. మొదటి లెవెల్‌లో, అంటే పాత్ర ఎదుగుదలలో మొదటి మెట్టులో, ఒక ఆరు ముఖాల పాచిక, ఆ తరువాత ప్రతి బేసి లెవెల్‌కూ మరొకటి. పోరాటం కోసం విడిగా ఏమీ ఖర్చు పెట్టనక్కరలేదు కనుక, మిగిలిన ఎంపికలన్నిటినీ నేర్పుల వైపు మళ్ళించుకోవచ్చు.

అన్నయ్య అల్లిన కథ మా నేలలాంటి నేల మీదే నడుస్తుంది. పెద్ద నది ఒకటి ఆనకట్ట దాటాక పాయలుగా చీలుతుంది, నడుమ లంకలు, కాలువల మీద లాకులు, సముద్రం ముఖాన పరదేశి జెండా ఎగిరే చిన్న రేవు. 1954 దాకా ఫ్రెంచివారి చేతిలో ఉన్న యానాం అతని మనసులో ఉంది. మా నాన్నగారు కాలువల మీద లస్కరుగా పనిచేశారు కాబట్టి, నా పాత్ర నీలవేణి ఎవరో నాకు వెంటనే తెలిసిపోయింది: లాకుల దగ్గర పుట్టి, తలుపులు ఎత్తేవేళ దించేవేళ చూసి పెరిగి, రాత్రిపూట సుంకం కట్టని ఉప్పు పడవలను దాటించడం నేర్చుకున్న పిల్ల.

మనిషి తెలిసింది గాని, అంకెలు తప్పుగా వేశాను. నీలవేణికి నేను ఎంచుకున్న హాఫ్ ఎల్ఫ్ జాతికి, అంటే సగం మనిషి సగం ఎల్ఫ్ అయిన కల్పిత జాతికి, రెండు నేర్పులు అదనంగా వస్తాయి. రోగ్‌కు నాలుగు, పూర్వవృత్తానికి, అంటే పాత్ర అంతకుముందు చేసిన పనికి, రెండు. అంటే మొదటి లెవెల్‌లోనే ఎనిమిది. ఈ ఎనిమిదీ చూసి నాకు ఆశ పుట్టింది. పాత్ర సహజ గుణాలకు వేసే అంకెల్లో చురుకుదనం 16 వేసుకుని, మాటకారితనం కూడా 16 చేసి, బుకాయింపులోనూ నచ్చజెప్పడంలోనూ ఎక్స్‌పర్టీస్ తీసుకున్నాను. ఎక్స్‌పర్టీస్ అంటే అభ్యాసబలం, అంటే నేర్చిన పనిలో పాచికకు కలిసే అదనపు అంకె, రెట్టింపు కావడం; ఆ రెండింటిలో నాకు +7 వచ్చింది. దేహదారుఢ్యం పదికే వదిలేశాను, దెబ్బలు తట్టుకునే ప్రాణబలం ఎనిమిది.

మొదటి మూడు ఆదివారాలూ నేను పాచిక తీసింది తక్కువ. ఎవరితోనైనా మాట్లాడవలసి వస్తే వదిన బార్డ్ ముందుకు వచ్చేది, రావడం న్యాయం కూడా, ఆ పాత్ర పనే అది. నా +7 కాగితం మీదే ఉండిపోయింది. మూడవ ఆదివారం కాలువ ఒడ్డున తాటాకు గూడు వేసిన నాటుపడవ ఆగి ఉంటే, అందులో మనుషులు దాక్కున్నారేమో కనిపెట్టవలసింది నేను. ఆనవాలు పట్టడంలో నాకున్నది +3. పాచిక మీద ఏడు పడింది. గూడులోంచి వచ్చిన మొదటి బాణానికే నీలవేణి నేలకొరిగింది. పాలడిన్ చేయి వేసి లేపకపోతే కథ అక్కడే ముగిసేది.

ఆ రాత్రి భోజనాల దగ్గర వదిన నాతో, "నీకేం ఇష్టమో చూసుకున్నావు గాని, మా నలుగురిలో ఎవరికీ చేతకానిదేమిటో చూసుకోలేదమ్మా" అన్నది. ఆ మాట నాకు బాగా నాటింది. నలుగురి షీట్లూ పక్కపక్కన పెట్టి చూశాను. మాటలకు ఆమె ఉంది, పుస్తకాల చదువుకు బావ ఉన్నాడు, బలానికి పాలడిన్ ఉన్నాడు. ముందుగా చూసేవాళ్ళు, తాళం తీసేవాళ్ళు, దారి పట్టేవాళ్ళు ఒక్కరూ లేరు. ఏ మొగలో ఏ చేప పడుతుందో అడగకుండా వల వేసినట్లయింది నా పని. రెండవ లెవెల్‌కు ముందు మళ్ళీ కట్టుకోవడానికి అన్నయ్య ఒప్పుకున్నాడు. "ఇదే ఆఖరుసారి చెల్లాయ్" అని మాత్రం అన్నాడు.

రెండవసారి ఇలా కట్టాను. నిర్ణీత అంకెలు 15, 14, 13, 12, 10, 8. చురుకుదనానికి 15, దారుఢ్యానికి 14, వివేకానికి 13, బుద్ధికి 12, బలానికి 10, మాటకారితనానికి 8 ఇచ్చాను. హాఫ్ ఎల్ఫ్ ఇచ్చే పెంపులతో చురుకుదనం 16, వివేకం 14, మాటకారితనం 10 అయ్యాయి. పూర్వవృత్తం నేరగత్తె నుంచి నావికురాలికి మార్చాను. దానితో ఒళ్ళు బలపు నేర్పు, ఆనవాలు పట్టడం, పడవ నడపడం వచ్చాయి. ఎక్స్‌పర్టీస్ రెండింటినీ ఆనవాలు పట్టడానికీ, తాళాలు తీసే పరికరాలకూ పెట్టాను. ఎనిమిది నేర్పులూ సగం సగం రావడంకన్నా, అందరూ నా మీద ఆధారపడే రెండింటిని గట్టిగా పట్టుకోవడమే మేలని నాకు లెక్క చెప్పింది: వివేకం ఒక్కటే ఉంటే 15 అంకె పనిని నూటికి 40 సార్లు సాధిస్తాను, అభ్యాసం కలిస్తే 50 సార్లు, ఎక్స్‌పర్టీస్ కలిస్తే 60 సార్లు. బావ విజర్డ్ పెంచిన గుడ్లగూబ పక్కన ఉండి సాయం చేస్తే పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవచ్చు; అప్పుడు ఆ 60 కాస్తా 84 అవుతుంది. ఈ చివరి పెంపు నా షీటు మీద ఎక్కడా ఉండదు, బావ తలచుకుంటేనే వస్తుంది.

నేర్పుల మధ్య తేడాలు పుస్తకంలో చదివితే నాకు మసకగా ఉండేవి. ఆనవాలు పట్టడానికీ ఆరా తీయడానికీ తేడా ఏమిటని నేను అడిగినప్పుడు, పక్కనే కాఫీ తాగుతున్న నాన్నగారు తమ ఉద్యోగంలోంచి బదులిచ్చారు. గట్టు మీద నడుస్తుంటే ఒకచోట చెమ్మ కనబడటం ఒకటి. ఆ చెమ్మ నిన్నటి వాన తాలూకుదా, ఎండ్రకాయ బొరియలోంచి ఊరుతున్నదా, రాత్రికి గండి పడుతుందా అని కూపీ లాగడం వేరొకటి. ఇంతకన్నా స్పష్టంగా నాకు ఎవరూ చెప్పలేదు. అదే పద్ధతిలో మిగిలినవీ తేల్చుకున్నాము. వరద పోటుకు ఎదురీదడం ఒళ్ళు బలం. పంటబోదె మీద వేసిన తాటిదుంగ పైన జారకుండా దాటడం ఒడుపు. ఈ తేడాలు తేలాక అన్నయ్య ఏ పాచిక అడుగుతాడో మాకు ముందే తెలిసేది, వాదనలు తగ్గాయి. దొంగల రహస్యభాష కూడా ఈ పాత్రకు పుట్టుకతో వస్తుంది. దానికి మేము చిన్ననాటి క భాషనే వాడుకున్నాము. రేవులో ఒక బిచ్చగాడు "కరే కపు కరా" అని గొణిగినప్పుడు, అది నా ఒక్కదానికే చెప్పిన కబురని బల్ల చుట్టూ అందరికీ తెలిసి, అందరూ తెలియనట్లు కూర్చోవడం నాకు ఎంతో నచ్చింది.

ఆ జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చి, ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంక కుర్రవాడి ఊరు నీటి నడుమ చిక్కుకుపోవడంతో కొన్ని వారాలు ఆట ఆపేశాము; అతను లేకుండా ఆడాలని మాకెవరికీ మనసొప్పలేదు. ఆ ఖాళీలో మూడవ లెవెల్‌లో తీసుకోవలసిన శాఖ, అంటే రోగ్‌లోని ఒక ప్రత్యేక రకం, గురించి చదువుకున్నాను. థీఫ్, ఇన్‌క్విజిటివ్, స్కౌట్ అన్న మూడింటి మధ్య ఊగి, చివరికి స్కౌట్‌ను తీసుకున్నాను. ప్రకృతి జ్ఞానం, ఆరుబయట బతకనేర్చడం అనే రెండు నేర్పులు ఎక్స్‌పర్టీస్‌తో సహా ఆ శాఖే ఇస్తుంది. ఈ మెలిక ముందుగా తెలియకపోతే ఆ రెండింటినీ మొదటి లెవెల్‌లోనే ఎంచుకుని, తరువాత ఉచితంగా వచ్చేదానికి రెండు ఎంపికలు పోగొట్టుకునేవారు ఉంటారు. నేను రెండవసారి కట్టేటప్పుడు చేతివాటమూ వైద్యమూ తీసుకోవడంతో నష్టపోలేదు. మూడవ లెవెల్‌కు నాకు 18లో 10 నేర్పులు వచ్చాయి.

నేర్పుల రోగ్ ఆడేవారు తప్పక తెలుసుకోవలసిన ఇబ్బంది ఒకటుంది. నక్కి నడవడం బాగా వస్తే ఒంటరిగా ముందుకు వెళ్ళాలనిపిస్తుంది. పరదేశి రేవులో సుంకపు గిడ్డంగిలోకి నేను ఒక్కదాన్నే దూరి, అరగంట సేపు అన్నయ్యతో నేనే మాట్లాడాను. తలెత్తి చూస్తే బావ కిటికీలోంచి కొబ్బరిచెట్ల వైపు చూస్తున్నాడు, కుర్రవాడు పాచికలు దొంతర పేరుస్తున్నాడు. నా నేర్పు వాళ్ళ ఆదివారాన్ని తినేసింది. అప్పటి నుంచి ఒక కట్టడి పెట్టుకున్నాను: రెండు పాచికలు వేసే లోపల వెనక్కి వచ్చి చూసింది చెప్పడం, లేదా అందరినీ వెంటబెట్టుకుని వెళ్ళడం. అందరూ కలిసి నక్కి నడిచినప్పుడు సగం మంది నెగ్గితే గుంపు నెగ్గినట్లే. పాలడిన్ కవచం గలగలలాడుతూ అతని పాచికను ఎప్పుడూ పాడుచేసేది గనుక, నేనూ మరొకరూ నిలబడితే చాలునన్న లెక్కతో దాటేవాళ్ళం.

నాలుగవ లెవెల్‌లో చురుకుదనాన్ని 18 చేశాను. ఆరులో నక్కి నడవడానికీ ఆరా తీయడానికీ ఎక్స్‌పర్టీస్ వచ్చింది. ఎనిమిదిలో అబ్జర్వెంట్ అనే ఫీట్‌ను, అంటే ఒక ప్రత్యేక సామర్థ్యాన్ని, తీసుకున్నాను. దానితో వివేకం 15 అయ్యింది, పాచిక వేయకుండానే గమనించే అంకెకు అయిదు కలిసి 23కు చేరింది. తరువాతి వారం అన్నయ్య ఆట మొదలుపెట్టకుండా నన్ను పక్కకు పిలిచి, తాను దాచిపెట్టినవేవీ ఇక దాగవని, ఇలాగైతే కథలో ఆశ్చర్యం మిగలదని బాధపడ్డాడు. అతని బాధ నాకు న్యాయమనిపించింది. ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాము: నీలవేణి కంటికి ఏదో తేడా ఉన్నదని మాత్రం తెలుస్తుంది, అదేమిటో తేల్చడానికి నేను దగ్గరికి వెళ్ళి ఆరా తీయాలి. చీకట్లో కూడా చూడగలిగినా ఆ చూపు మసకే కనుక, అలాంటప్పుడు ఆ అంకెలోంచి అయిదు తగ్గుతుందన్న నియమాన్ని కూడా అప్పటి నుంచి కచ్చితంగా పాటించాము. లాంతరు వెలిగించాలా, వెలిగిస్తే కావలివాళ్ళ కంటబడతామా అన్న తర్జనభర్జన ఆ తరువాత ప్రతి రాత్రి ఘట్టానికీ ప్రాణం పోసింది.

పదవ లెవెల్‌లో చురుకుదనం 20కి చేరింది. పదకొండులో, నేర్పుల రోగ్ ఎదురుచూసే రిలయబుల్ టాలెంట్ వచ్చింది. అభ్యాసమున్న పనిలో పాచిక తొమ్మిది లేదా అంతకన్నా తక్కువ చూపినా పదిగానే లెక్క. 2024 నాటి కొత్త పుస్తకంలో దీన్ని ఏడవ లెవెల్‌కే ఇచ్చారు గాని, మేము పాత కూర్పులోనే ఉండిపోయాము. తాళాల పరికరాల మీద నాకు +13 ఉంది కాబట్టి 23కు తక్కువ పడే ప్రసక్తే లేదు. ఆ వారం లాకు యంత్రపు గదికి వేసిన తాళం దగ్గర అన్నయ్య నన్ను పాచిక వేయమనలేదు. "ఎలా తీస్తుందో చెప్పు" అన్నాడు. పై నీరూ కింది నీరూ ఒక మట్టానికి వచ్చేదాకా లాకు తలుపు కదలనట్టే, తాళంలోని పళ్ళన్నీ ఒక వరసకు వచ్చేదాకా గడియ కదలదని, నీలవేణి చెవి ఆనించి ఒక్కొక్క పన్నే ఎలా ఎత్తిందో చెప్పాను. గుమ్మంలో నిలబడి వింటున్న నాన్నగారు తల ఊపారు.

ఇప్పుడు పన్నెండవ లెవెల్ ముందుంది. పట్టుదలను పెంచే ఫీట్ తీసుకుని వివేకాన్ని 16 చేసుకుందామనుకున్నాను గాని, అది ఇచ్చే రక్షణను పదిహేనవ లెవెల్‌లో రోగ్‌కు పుస్తకమే ఇస్తుందని బావ గుర్తుచేశాడు. అందుకు బదులు 2020 నాటి పుస్తకంలోని స్కిల్ ఎక్స్‌పర్ట్ తీసుకుంటున్నాను: వివేకానికి ఒకటి కలుస్తుంది, మనసు పసిగట్టడంలో ఎక్స్‌పర్టీస్ వస్తుంది, కొత్త నేర్పు ఒకటి దొరుకుతుంది. ఆ కొత్త నేర్పు ఏది కావాలో ఈసారి ముందుగా వదినను అడిగాను. తాను మాటలు చెప్పేటప్పుడు పక్కన నిలబడి భయపెట్టేవాళ్ళు కావాలన్నది. బెదిరింపు అని షీటు మీద పెన్సిలుతో రాసుకున్నాను.